లూరిస్తాన్ కంచు పిన్నులు: ద్రవ్యం, త్యాగం, పేరు తెలియని దేవత

పశ్చిమ ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతాల నడుమ, లోయలు లోయలుగా విడిపోయి ఉన్న లూరిస్తాన్ ప్రాంతంలో సుమారు క్రీ.పూ. 1000 నుంచి 650 వరకు నివసించిన జనులు తమ దుస్తులను జారిపోకుండా పట్టి ఉంచడానికి పొడవైన లోహపు పిన్నులు వాడేవారు. గుండీలు లేకుండా చుట్టుకుని కప్పుకునే బట్టకు అటువంటి పిన్ను తప్పనిసరి. దాని పనికి కావలసినవి ఒక కాడ, ఒక మొన మాత్రమే. అయినా అక్కడి కంచరులు కాడ పైనున్న తలభాగం మీద అంతులేని శ్రద్ధ పెట్టి, రెండు మృగాలను చెరొక చేత అదిమి పట్టిన పురుషుణ్ణి, వెనక్కి వంగిన కొమ్ముల కొండమేకలను, సింహాలను, దానిమ్మపండ్లను, నేరుగా ఎదుటికి చూస్తున్న స్త్రీ ముఖాన్ని, కొన్నిటి మీద ప్రసవిస్తున్న స్త్రీని రూపొందించారు. ఇటువంటి పిన్నులు సమాధుల్లోనే కాక ఒక దేవాలయపు గోడల్లో గుచ్చి ఉండగా కూడా బయటపడ్డాయి. బట్టకు గుచ్చవలసిన దానిని తెచ్చి దేవుడి గోడకు గుచ్చిన మనిషి ఏ నమ్మకంతో ఆ పని చేసిందన్న ప్రశ్నను పట్టుకుని కొంత దూరం వెళితే, రాత అంటూ ఏదీ మిగల్చని జనుల మతాన్ని తెలుసుకోవడం అసలు సాధ్యమేనా అన్న పెద్ద ప్రశ్న ఎదురవుతుంది.

లూరిస్తాన్ జనులు తమ దేవతల పేర్లను గాని, స్తోత్రాలను గాని, పూజావిధులను గాని రాసి పెట్టలేదు. అక్కడ దొరికినట్టు చెప్పే కంచు వస్తువుల్లో కొన్నిటి మీద క్యూనిఫారం అక్షరాలు, అంటే మెసొపొటేమియాలో తడి మట్టిపై మేకు ఆకారపు గుర్తులుగా నొక్కి రాసే లిపి, ఉన్న మాట నిజమే గాని, వాటి మీది పేర్లు మెసొపొటేమియా రాజులవి, అధికారులవి. ఆ పర్వతవాసులు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు కావు. ఉత్తరాన ఎల్లిపి అనే రాజ్యం ఉండేదని అసీరియా రాజుల శాసనాలు చెబుతాయి, దక్షిణాన ఎలామ్ నాగరికత ఉండేది, తూర్పు నుంచి ఇరానీ భాషలు మాట్లాడే మీడ్లు విస్తరిస్తున్నారు. ఈ మూడింటి మధ్య బతికిన జనుల మతం వీటిలో దేనికి చేరువో తేల్చే వాక్యం ఒక్కటీ లేదు. ఆ ఖాళీని పండితులు పక్క దేశాల పురాణాలతో పూరించారు. ఫ్రెంచి పండితుడు ఆంద్రే గొదార్ 1931లో ప్రచురించిన గ్రంథంలో మృగాలను అదిమి పట్టిన పురుషుడికి మెసొపొటేమియా వీరుడు గిల్గమేష్ పేరు పలికింది. తరువాత పురావస్తు శాస్త్రజ్ఞుడు రోమన్ గిర్ష్‌మన్ అదే తరహా మూర్తిలో జరతుష్ట్ర మతానికి చెందిన స్రవోష దేవతను చూశారు. లూరిస్తాన్‌దిగా చెప్పే ఒక వెండి పలక మీది బొమ్మలో, మంచి చెడులనే కవల కుమారులను కన్న కాలదేవుడు జుర్వాన్‌ను గుర్తించారు. జుర్వాన్ కథను వివరంగా చెప్పే ఆధారాలు క్రీ.శ. 5వ శతాబ్దపు అర్మేనియా రచయిత ఎజ్నిక్ కాలం నాటివి, అంటే ఆ పలక కంటే వెయ్యేళ్లకు పైగా తరువాతివి. వెయ్యేళ్ల తరువాతి కథను వెనక్కి మోసుకుపోయి బొమ్మకు తగిలించినప్పుడు తెలిసేది బొమ్మ చేసినవాడి మతం కాదు, పేరు పెట్టినవాడి చదువు.

ఈ చిక్కును వేరే దారిలో ఆలోచించడానికి భారతీయ దర్శనాల్లో ఒక సాధనం ఉంది. యాగం అంటే ఏమిటన్న ప్రశ్నకు శ్రౌతసూత్రాలు, వాటిని అనుసరించి పూర్వమీమాంసకులు మూడు అంగాలతో సమాధానం చెప్పారు: అర్పించే వస్తువైన ద్రవ్యం, ఎవరిని ఉద్దేశించి అర్పిస్తున్నారో ఆ దేవత, ఆ వస్తువు మీద తన హక్కును వదులుకోవడమనే త్యాగం. పూర్వమీమాంస అంటే వేదంలోని కర్మభాగపు అర్థాన్ని విచారించే శాస్త్రం. జైమిని సూత్రాలు దానికి మూలం, శబరస్వామి భాష్యం వాటికి లభిస్తున్న వ్యాఖ్యానాల్లో అతి ప్రాచీనం. లూరిస్తాన్‌కు ఈ శాస్త్రంతో చారిత్రక సంబంధం ఏమీ లేదు, ఉందని చెప్పడం గిల్గమేష్‌ను తగిలించడం కంటే పెద్ద పొరపాటు అవుతుంది. కాని అర్పణ అనే మానవచర్యను దాని అంగాలుగా విడదీసి చూపిన విశ్లేషణగా అది ఎక్కడైనా పనికి వస్తుంది. గోడలో గుచ్చిన పిన్నును ఈ మూడు అంగాలుగా విడదీస్తే ద్రవ్యం చేతికి అందుతుంది, త్యాగం జరిగిన చోటు కంటికి కనిపిస్తుంది, దేవత పేరు మాత్రం పోయింది. ఇన్నాళ్లూ పండితులు ఎక్కువగా వెతికింది పోయిన ఆ మూడో దాన్నే. మిగిలి ఉన్న రెండింటిని ముందుగా, ఓపికగా చదవాలి.

ద్రవ్యం కంచు. రాగిలో తగరం కలిపితే వచ్చే ఈ మిశ్రలోహానికి రెండు గుణాలున్నాయి. స్వచ్ఛమైన రాగి 1084 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పది పాళ్లలో ఒక పాలు తగరం చేరితే సుమారు 1000 డిగ్రీల దగ్గరే పూర్తిగా ద్రవమవుతుంది. తోలుతిత్తులతో గాలి ఊదే బొగ్గు కొలిమికి ఈ తేడా చాలా పెద్దది. రెండో గుణం, కరిగిన కంచు రాగి కంటే తేలికగా పారి అచ్చులోని సన్నని సందుల్లోకి కూడా చేరుతుంది. కరిగిన రాగి గాలిని పీల్చుకుని చల్లారేటప్పుడు బుడగలు వదులుతుంది, కంచులో ఆ బెడద తక్కువ. కొండమేక కొమ్ముకు, సింహం తోకకు మధ్య గాలి ఆడే ఖాళీ ఉండేలా జాలీ పనిగా పోసిన పిన్ను తలలు కంచులో తప్ప రాగిలో అంత చక్కగా రావు.

అటువంటి తలలను మైనపు పోత పద్ధతిలో చేసేవారు. పనివాడు ముందుగా తేనెమైనంతో కావలసిన రూపాన్ని చేతులతో మలుస్తాడు. మృగాల మెడ మీది జూలును, కళ్ల గుండ్రాలను సన్నని మైనపు తీగలను చుట్టి, గుళికలను అద్ది చేస్తాడు. లోహం పోయడానికి ఒక దారి, లోపలి గాలి బయటికి పోవడానికి మరికొన్ని దారులు ఉండేలా మైనపు కడ్డీలు అతికిస్తాడు. ఆపైన మెత్తగా నూరి జల్లించిన మట్టిని పలుచని పూతగా పట్టించి, అది ఆరిన తరువాత ముతక మట్టిని పొరమీద పొరగా కప్పుతాడు. మొదటి పూతే బొమ్మ చర్మం లాంటిది గనుక దానిలో చిన్న బుడగ ఉన్నా లోహం మీద మచ్చగా తేలుతుంది. మట్టిముద్ద బాగా ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, మిగిలిన కాస్త ఆవిరవుతుంది, మట్టి గట్టిపడి లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. అచ్చు ఇంకా వేడిగా ఉండగానే మూసలో కరిగిన కంచును ఆ ఖాళీలోకి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టి, పోత దారుల్లో గడ్డకట్టిన లోహపు కడ్డీలను కోసి, అరగదీసి, నునుపు చేస్తారు. ఈ పనిలో మైనపు బొమ్మ కరిగిపోతుంది, మట్టి అచ్చు పగిలిపోతుంది. రాతిలో తొలిచిన అచ్చుతో ఒకే పిన్నును మళ్లీ మళ్లీ పోయవచ్చు, మైనపు పోతలో ప్రతి పిన్నుకూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒకే నమూనాను అనుసరించినట్టు కనిపించే లూరిస్తాన్ తలల్లో కూడా అచ్చంగా ఒకదానితో ఒకటి సరిపోలేవి అరుదుగా ఉండడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి తెలుగువారికి దూరమైనది కాదు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం దీన్ని దేవతామూర్తులు పోసే విధానంగా వర్ణించి, మైనపు బొమ్మ బరువును బట్టి ఏ లోహం ఎంత తీసుకోవాలో చెప్పింది. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు డోక్రా బొమ్మలను నేటికీ మైనపు తీగలు చుట్టి ఇదే సూత్రం మీద పోస్తున్నారు. లూరిస్తాన్ తలల మీద తాళ్లు పెనవేసినట్టుండే అంచులు లోహంలో ఎలా పుట్టాయో గ్రంథాల కంటే అక్కడి పనివాళ్ల చేతులను చూస్తే త్వరగా అర్థమవుతుంది.

కాడ విషయానికి వస్తే కథ మారుతుంది. కొన్ని పిన్నులకు తలా కాడా ఒకే పోతలో వచ్చిన కంచువి. వాటి మొనను సుత్తితో సాగగొట్టి గట్టిపరిచేవారు, ఎందుకంటే చల్లగా ఉండగా కొట్టిన కంచు మరింత కఠినమవుతుంది. మరికొన్నిటికి కాడ ఇనుముది, తల కంచుది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. ఆనాటి కొలిమికి అది అందని వేడి. అందువల్ల ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి, కరగకుండానే మెత్తని ముద్దగా తీసి, ఎర్రగా కాచి కొట్టి రూపు దిద్దేవారు. పోత పోయడానికి వీలైన లోహం కంచు, కొట్టడానికి మాత్రమే వీలైన లోహం ఇనుము. ఈ రెంటినీ కలపడానికి కంచరులు ఇనుప కాడ చివరను మైనపు తలలో చొప్పించి, మొత్తానికి మట్టి కప్పి, మైనం కారిపోయాక ఇనుము చుట్టూ కంచు పోసేవారు. చల్లారుతూ కుదించుకుపోయే కంచు ఇనుమును పిడికిలి బిగించినట్టు పట్టుకుంటుంది. రెండు లోహాలు ఒకటి కావు గాని విడిపోవు. ఈ జంటకు మట్టిలో తీరని హాని జరిగింది. తేమలో కంచును ఆనుకుని ఉన్న ఇనుము కంచును కాపాడుతూ తానే త్వరగా తుప్పు పడుతుంది. అందుకే ప్రదర్శనశాలల్లో కనిపించే చాలా తలల కింద కాడ విరిగిన మొండెంగానో, తుప్పు గడ్డగానో మిగిలింది. చూసేవారు దాన్ని బొమ్మగా భావించడానికి, అది ఒకరి ఒంటిమీది పిన్ను అన్న సంగతి మరచిపోవడానికి ఇది కొంతవరకు కారణం. ఇంకొక విషయం కూడా గమనించదగినది. ఇనుము అగ్గువైన లోహం, కంచు ప్రియమైన లోహం అన్న నేటి అంచనా ఆ కాలపు తొలి దశకు వర్తించదు. లూరిస్తాన్‌లో ఇనుము మొదట ఆయుధంగా కంటే ఆభరణంగానే ఎక్కువగా కనిపిస్తుంది. ఇనుప కాడ పెట్టించుకున్న మనిషి పొదుపు చేసిందని కాక, కొత్తగా వచ్చిన అపురూప లోహాన్ని ధరించిందని అనుకోవడమే తొలి దశకు సబబు.

మూడో తరహా పిన్ను పళ్లెం తల పిన్ను. దీన్ని పోతతో కాక సుత్తితో చేసేవారు. పోసిన చిన్న కంచు దిమ్మను దాగలి మీద సాగగొడుతూ పోతే లోహం బిరుసెక్కుతుంది, అప్పుడు దాన్ని కాచి మెత్తబరచాలి. కొట్టడం, కాచడం ఎన్నోసార్లు సాగితే గాని రేకు పలుచన కాదు, తొందరపడితే అంచు చిట్లుతుంది. గుండ్రని రేకు సిద్ధమయ్యాక వెనుక నుంచి మొద్దు ఉలులతో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తెచ్చి, ముందు వైపు నుంచి సన్నని ఉలితో గీతలు దిద్దేవారు. ఈ నగిషీ పనిలో లోహాన్ని తవ్వి తీసివేయడం ఉండదు, ఒక చోటు నుంచి మరో చోటికి నెట్టడమే ఉంటుంది. పళ్లెం నడిమిలో తరచుగా ఒక ముఖం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. చుట్టూ పూరేకులు, దానిమ్మలు, మృగాలు తిరుగుతుంటాయి. వీటిలో కొన్ని అరచేయంత వెడల్పుండి, ఒంటిమీది బట్టకు గుచ్చితే బరువుకు బట్ట వేలాడిపోయేటట్టు ఉంటాయి. ధరించడానికి కాక అర్పించడానికే వీటిని చేయించి ఉంటారని కొందరు పండితులు భావించడం సమంజసంగానే ఉంది. అటువంటప్పుడు రెండు వేర్వేరు చర్యలను ఒక్క పేరుతో పిలుస్తున్నట్టు అవుతుంది: ఏళ్ల తరబడి ఒంటిమీద ఉన్న దాన్ని తీసి ఇవ్వడం ఒకటి, ఇవ్వడం కోసమే చేయించి ఇవ్వడం మరొకటి.

ఈ భేదం చిన్నదని తోచవచ్చు గాని త్యాగం అనే అంగాన్ని పరిశీలిస్తే దాని బరువు తెలుస్తుంది. మీమాంసకుల ప్రకారం త్యాగమంటే వస్తువును ఒకచోటి నుంచి మరోచోటికి జరపడం కాదు. ఇది నాది అన్న సంబంధాన్ని, అంటే స్వత్వాన్ని, మనస్సులో సంకల్పపూర్వకంగా తెంచుకోవడం. తెంచుకోవాలంటే ముందు ఆ సంబంధం ఉండాలి. తిరుమలలో నిలువుదోపిడి మొక్కు చెల్లించేవారు ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఒంటిమీద ఉన్న నగలన్నిటినీ ఒలిచి హుండీలో వేస్తారు. అంతే విలువైన బంగారాన్ని కొట్లో కొని వేయడం ఆ మొక్కుకు సరిపోదని ఎవరూ నేర్పకుండానే తెలుగువారికి తెలుసు. ఒంటిని అంటి ఉన్నది అయి ఉండడంలోనే ఆ అర్పణ సారం ఉంది. లూరిస్తాన్‌లో భుజం దగ్గర రోజూ తాకుతూ ఉన్న పిన్నును తీసిన చేతికి అటువంటి తెంపే జరిగి ఉంటుంది. పెద్ద పళ్లెం పిన్ను చేయించినవారు మరో రకపు త్యాగం చేశారు. వారు వదులుకున్నది ధరించిన వస్తువును కాదు, అది కాగల లోహాన్నీ కంచరి శ్రమనూ. అయినా దాన్ని పళ్లెంగానో పలకగానో కాక పిన్ను ఆకారంలోనే చేయించారు, అంటే దేవుడికి చేరవలసింది ఒంటిమీది వస్తువు రూపంలోనే ఉండాలన్న భావన వారిలో బలంగా ఉండి ఉండాలి.

త్యాగం జరిగిన చోటు గురించి తెలిసిన సంగతుల్లో ముఖ్యమైనవి సుర్ఖ్ దుమ్ అనే స్థలం నుంచి వచ్చాయి. కూహ్‌దష్త్ సమీపంలోని ఈ దిబ్బను 1938లో ఎరిక్ ష్మిత్ తవ్వించారు. పెర్సెపోలిస్ తవ్వకాలకు నాయకత్వం వహించిన పురావస్తు శాస్త్రజ్ఞుడాయన. అక్కడ బయటపడిన దేవాలయంలో పిన్నులు, ఆభరణాలు, ముద్రలు, చిన్న చిన్న వస్తువులు గోడల సందుల్లోనూ నేల కిందా ఉండగా దొరికాయి. పళ్లెం తల పిన్నులు కొన్ని గోడలోకి గుచ్చి ఉన్నాయి. ష్మిత్ 1964లో మరణించారు, పూర్తి నివేదిక 1989లో గాని వెలువడలేదు. ఈ యాభై ఏళ్ల ఆలస్యంలో పేర్ల ఊహాగానాలు స్థిరపడిపోవడం విచారకరం. గోడలో గుచ్చిన పిన్ను అర్థవంతమైనది. ఎందుకంటే కంచు మళ్లీ కరిగించగల లోహం. చాలా ప్రాచీన దేవాలయాల్లో అర్పించిన లోహాన్ని కొంతకాలం తరువాత కరిగించి గుడి అవసరాలకు వాడేవారు. గోడలో దాచినది అర్చకుడి చేతికి రాదు, ఇచ్చినవారి చేతికీ రాదు, చూసేవారి కళ్లకు కూడా సరిగా అందదు. అది ఎవరి స్వత్వంలోనూ లేదు. దేవతకు గ్రామం ఉంది, పొలం ఉంది అన్న మాటలను శబరస్వామి లాక్షణికమైనవిగా, అంటే ఉపచారంగా అనేవిగా తేల్చారు. తన ఇష్టప్రకారం వినియోగించుకోగలిగినప్పుడే యజమాని అనిపించుకుంటాడు, దేవత అలా వినియోగించుకోవడం ఎక్కడా కనబడదు అన్నది ఆయన యుక్తి. సుర్ఖ్ దుమ్ గోడ ఆ యుక్తికి రాతితో కట్టిన ఉదాహరణలా ఉంది: ఇచ్చినవారి హక్కు ముగిసింది, పుచ్చుకున్నవారి హక్కు మొదలు కాలేదు.

పిన్నును అర్పించే ఆచారం లూరిస్తాన్‌కే పరిమితం కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన గ్రంథపు ఐదో భాగంలో ఒక సంగతి చెప్పాడు: ఏజినా మీదికి దండెత్తి వెళ్లిన సేనలో ఒక్కడే బతికి ఏథెన్స్‌కు తిరిగి రాగా, చనిపోయినవారి భార్యలు నా భర్త ఏడని అడుగుతూ తమ దుస్తుల పిన్నులతో పొడిచి అతన్ని చంపారనీ, ఆ తరువాత ఏథెన్స్ స్త్రీల దుస్తులను పిన్ను అక్కరలేని తీరుకు మార్చారనీ, ఆర్గోస్, ఏజినా స్త్రీలు మాత్రం తమ పిన్నులను అంతకు ముందు కంటే సగం పొడవు పెంచి, డామియా, ఔక్సేసియా అనే దేవతల గుడిలో ముఖ్యంగా పిన్నులనే అర్పించే నియమం పెట్టుకున్నారనీ అతని కథనం. ఆ కథ ఎంతవరకు జరిగిందన్నది వేరే విచారణ. స్త్రీల దేవతలకు స్త్రీల పిన్నులు చెల్లించడం గ్రీకు దేశంలో పాఠకులకు పరిచితమైన వ్యవహారమని మాత్రం దాన్నిబట్టి స్పష్టమవుతుంది. అక్కడ దేవతల పేర్లు మిగిలాయి, ఎందుకంటే ఒకరు రాశారు.

ఇక పోయిన మూడో అంగం, దేవత. ఈ విషయంలో మీమాంసకుల మాట చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. దేవతకు శరీరం ఉందని గాని, ఆమె వచ్చి హవిస్సు భుజిస్తుందని గాని, సంతోషించి ఫలం ఇస్తుందని గాని ఒప్పుకోనక్కరలేదని జైమిని సూత్రాల తొమ్మిదో అధ్యాయంలోని విచారణ చెబుతుంది. కర్మలో దేవత ఉండేది శబ్దరూపంగా. ఫలానా వారికి అని విధివాక్యం ఏ పేరుతో ఉద్దేశిస్తుందో ఆ పేరే దేవత, దాని స్థానంలో అదే అర్థమున్న మరో పేరు వాడినా కర్మ చెడుతుంది. ఈ సిద్ధాంతాన్ని లూరిస్తాన్ ముందు నిలబెడితే నష్టం ఎంత పెద్దదో తెలుస్తుంది. పిన్నును గోడలో గుచ్చుతూ ఆ మనిషి పలికిన పేరే దేవత అయితే, ఆ పేరు గాలిలో కలిసిన రోజునే దేవత కూడా పోయింది; గిల్గమేష్ అనో స్రవోష అనో ఇప్పుడు చదివే పేరు ఆ కర్మలోనిది కానే కాదు. వేదాంతులు దీనికి ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల్లోని దేవతాధికరణానికి భాష్యం చెబుతూ శంకరులు దేవతలకు విగ్రహం, అంటే శరీరం, ఉందనీ, రూపం లేనివారిని ధ్యానించి అర్పించడం పొసగదనీ వాదించారు. లూరిస్తాన్ కంచరులు ఈ రెండో పక్షానికి దగ్గరివారని తోస్తుంది. మనస్సుకు ముఖం కావాలని వారి పళ్లేలు చాలావరకు సూచిస్తాయి.

అయితే ఆ ముఖం ఎవరిది? పళ్లెం మధ్యలోని స్త్రీ దేవత కావచ్చు, అర్పించిన మనిషే కావచ్చు. ప్రసవిస్తున్న స్త్రీ బొమ్మ విషయంలో ఈ సందేహం మరీ గాఢమవుతుంది. సృష్టికి తల్లి అయిన దేవతను అలా చూపారని కొందరు అంటారు. సుఖప్రసవం కోరి ముందుగానో, గండం గడిచాక మొక్కు తీర్చుకుంటూనో ఒక సామాన్య స్త్రీ తన అవస్థనే చేయించి ఇచ్చిందని అనుకోవడానికీ అంతే అవకాశం ఉంది. సుర్ఖ్ దుమ్‌లో దొరికిన వస్తువుల్లో స్త్రీల ఒంటికి సంబంధించినవి అధికంగా ఉండడం వల్ల అక్కడ కొలువైనది స్త్రీదేవత అన్న అభిప్రాయం బలపడింది. కాని ఆ ఆధిక్యం నేరుగా చెప్పేది ఇచ్చినవారి గురించి, పుచ్చుకున్నవారి గురించి ఊహ మాత్రమే. ఈ రెండు అర్థాల్లో ఒకటి తేలకపోవడం పరిశోధనలో లోటు అనుకోనక్కరలేదు. కాన్పు గదిలో చావు ఎదురుగా నిలబడే కాలంలో నొప్పులు పడుతున్న స్త్రీకీ ఆమె మొక్కుకునే తల్లికీ ఒకే రూపం ఇవ్వడంలో కంచరికి గాని ఆమెకు గాని వైరుధ్యం కనిపించి ఉండదు. బొమ్మను చదివేవారు దాన్ని చీల్చి ఒక పక్షానికి చేర్చడం వల్ల ఆ భక్తిలో ఉన్న లోతు పోతుంది.

ఇంత చెప్పాక ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. గోడలో ఉన్న పిన్ను మాత్రమే పైన చేసిన విచారణకు ఆధారం. లోకంలో ఉన్న లూరిస్తాన్ పిన్నుల్లో అత్యధికం ఏ గోడలో, ఏ సమాధిలో, ఏ ఎముకల పక్కన ఉండేవో ఎవరికీ తెలియదు. 1920ల చివరలో ఈ కంచు వస్తువులకు అంగళ్లలో గిరాకీ పుట్టగానే లూరిస్తాన్‌లోని శ్మశానాలను, దిబ్బలను విచ్చలవిడిగా తవ్వి, దొరికినవాటిని టెహరాన్ మీదుగా పారిస్, లండన్, న్యూయార్క్‌లకు అమ్మారు. గిరాకీ పెరిగేసరికి నకిలీలు కూడా బయలుదేరాయి. పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆస్కర్ వైట్ మస్కరెల్లా ఇటువంటి నకిలీల మీద 2000లో ఒక గ్రంథమే రాసి, తవ్వకంలో దొరకని వస్తువు ఆధారంగా మతం గురించి నిర్ణయాలు చేయరాదని జీవితమంతా పట్టుబట్టారు. ఆయన కటువుగా మాట్లాడేవారని పేరు, కాని ఈ విషయంలో ఆయన మాటే సరైనది. కంచు పిన్ను అద్దపు పెట్టెలో పదిలంగా ఉంది గదా, నష్టమేమిటి అనేవారికి మీమాంసకుల విశ్లేషణే సమాధానం చెబుతుంది. ద్రవ్యం మిగిలింది, త్యాగాన్ని మాత్రం తిరగదోడారు. ఎవరి స్వత్వమూ కాకుండా మనిషి విడిచిపెట్టిన దానికి మళ్లీ ధర కట్టి, మళ్లీ ఒకరి ఆస్తిగా చేశారు. ఆ అర్పణకు సాక్ష్యంగా ఉన్న గోడ సందు తవ్వినవాడి గునపంతోనే చెరిగిపోయింది.

1965 నుంచి 1979 వరకు లూయీ వాండెన్ బెర్గ్ నాయకత్వంలో బెల్జియం బృందం పుష్త్-ఇ కూహ్ ప్రాంతంలో సమాధులను క్రమపద్ధతిలో తవ్వి, ఏ వస్తువు ఏ కాలానిదో చెప్పగల వరుసను ఏర్పరచింది. 2005 తరువాత ఖొర్రమాబాద్ సమీపంలోని సంగ్‌తరాషాన్‌లో ఇరాన్ పురావస్తు శాస్త్రజ్ఞులే చేసిన తవ్వకాల్లో కంచు వస్తువులు కుప్పలుగా అర్పించి ఉంచిన మరో పవిత్రస్థలం బయటపడింది. అక్కడ ఎక్కువగా కనిపించినవి బాకులు, గొడ్డళ్లు, పాత్రలు. సుర్ఖ్ దుమ్‌లో ఎక్కువగా కనిపించినవి పిన్నులు, ముద్రలు, నగలు. ఒకే పర్వతప్రాంతంలో రెండు చోట్ల రెండు రకాల ద్రవ్యం చేరడానికి దేవతలు వేరు కావడమో, వచ్చే భక్తులు వేరు కావడమో, మొక్కుకునే కష్టాలు వేరు కావడమో కారణం కావచ్చు. ఆయుధం ధరించే ఒంటినీ, బట్టకు పిన్ను గుచ్చుకునే ఒంటినీ ఒకే గుమ్మం ముందుకు రానివ్వలేదా, లేక వారే వేర్వేరు పనులకు వేర్వేరు గుమ్మాలు ఎక్కారా అన్నది తేలాలంటే ఏ పేరునూ అరువు తేనక్కరలేదు. ఇనుప కాడల తుప్పునూ, మొనల అరుగుదలనూ, ప్రతి వస్తువూ గోడలో ఉన్న ఎత్తునూ దిక్కునూ నమోదు చేస్తూ, సుర్ఖ్ దుమ్ నివేదికను సంగ్‌తరాషాన్ నివేదిక పక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.